విమానం గాల్లో దీపం కాదు

విమానం మాటెత్తితే మా వైపు మొదట వినిపించేది "గాల్లో దీపం" అన్న మాట. పాకాల జంక్షన్‌లో కాట్పాడి బండి కోసం కూర్చున్న నలుగురి మధ్య ఈ సంగతి వేసి చూడండి, అయిదో మనిషి కూడా వచ్చి తలూపుతాడు. "రైలయితే పట్టాల మింద పోతాది, బస్సయితే రోడ్డు మింద పోతాది, దానికి కింద ఏముందబ్బా?" అంటారు. ఓదార్పు కూడా వాళ్ళే చెబుతారు: "ఆయుష్షు గట్టిదయితే ఏం కాదులే సామీ. రాత బాగలేకపోతే మంచం మింద పండుకున్నోడూ పోతాడు." భయానికి ఒక మాట, ధైర్యానికి ఒక మాట. రెండూ ఒక తాను ముక్కలే. కొడుకు అమెరికాలోనో కూతురు ఆస్ట్రేలియాలోనో ఉన్న తల్లిదండ్రులు చెన్నైలోనో బెంగళూరులోనో రేణిగుంటలోనో మొదటిసారి విమానం ఎక్కేముందు ఈ రెండింటినీ మూట గట్టుకునే బయల్దేరుతున్నారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలాక ఈ మాటల జోరు మరీ పెరిగింది.

భయపడేవాళ్ళను వెక్కిరించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చదువు లేనివాళ్ళకే ఈ భయమన్న మాట కూడా ఒప్పుకోను. రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళు, బోర్డింగ్ పాసు మీద అక్షరం చదవలేనివాళ్ళు, ఎన్నో ఏళ్ళుగా విమానాలెక్కి పోతూ వస్తూ ఉన్నారు. కిటికీ పక్క సీటు వద్దని బతిమాలే ఇంజినీర్లూ మన మధ్యే ఉన్నారు. నా తగువు భయంతో కాదు, విమానాన్ని ఆయుష్షు ఖాతాలో రాసేసే అలవాటుతో. ఎందుకంటే ఆయుష్షు అన్న మాటను కారణంగా ఒప్పుకోనని అందరికన్నా మొండికేసింది ఆ రంగమే. విమానంలో నమ్మదగ్గది ఏదన్నా ఉంటే ఆ మొండితనమే.

అహ్మదాబాద్ సంగతే చూడండి. ఎయిరిండియా 171లో 242 మంది ఉన్నారు, 241 మంది పోయారు. నేల మీద మరో 19 మంది పోయారు. బతికిన ఒకే ఒక్కడి సీటు నంబరు 11ఎ. మూడు రోజులు తిరక్కుండానే ఆ నంబరు మహిమాన్వితమైపోయింది, ఆ సీటే కావాలని అడిగేవాళ్ళు తయారయ్యారు. 11ఎ అనేది ఒక్కో రకం విమానంలో ఒక్కో చోట ఉంటుందన్న చిన్న సంగతి ఎవరికీ పట్టలేదు. "చూశారా, ఆయుష్షుంటే అంతే" అన్నారు. సరే, మరి విమానం వచ్చి పడిన మెడికల్ కాలేజీ హాస్టల్ మెస్‌లో మధ్యాహ్నం అన్నం తింటున్న కుర్రాళ్ళ మాటేమిటి? వాళ్ళు విమానం ఎక్కలేదే! మిగిలిన 241 మంది జాతకాలూ ఒకే నిమిషానికి కుదిరాయా? ఈ ప్రశ్న అడిగితే జనం ముఖం పక్కకు తిప్పుకుంటారు.

దర్యాప్తు చేసేవాళ్ళు ముఖం తిప్పుకోలేదు. సరిగ్గా నెలకు, జూలై 12న, 15 పేజీల ప్రాథమిక నివేదిక బయటపెట్టారు. విమానం నేల విడిచిన మూడు సెకన్లకు రెండు ఇంజిన్లకూ ఇంధనం వదిలే స్విచ్‌లు ఒక్క సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగాడు, నేను ఆపలేదని రెండో పైలట్ అన్నాడు. స్విచ్‌లు మళ్ళీ 'రన్'కు వచ్చాయి, ఒక ఇంజిన్ కోలుకోవడం మొదలుపెట్టింది కూడా, కానీ అందుకు సరిపడా ఎత్తు లేదు. స్విచ్‌లు ఎలా మారాయో ఆ నివేదిక చెప్పలేదు, ఎవరినీ దోషి అనలేదు. టీవీల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ రాత్రికే తీర్పు చెప్పేశారు. కారణం తేలకముందే పైలట్‌ను బోనెక్కించడం, కారణం అడక్కుండానే రాత అనేయడం, రెండూ బద్ధకం నుంచి పుట్టినవే.

ఆ నివేదికలో భయస్థులు గమనించాల్సిన మాట "ఎత్తు". అంత ఎత్తు నుంచి పడితే ఏం మిగులుతుందని కదా భయం. విమానానికి ప్రాణం పోసేది ఎత్తే. ఇంజిన్లు ఆగిన విమానం రాయిలా పడదు, జారుతుంది. పెద్ద జెట్ విమానం ఒక కిలోమీటరు కిందికి దిగేలోపు సుమారు 15 కిలోమీటర్లు ముందుకు పోగలదు. పాకాల మీదుగా 35 వేల అడుగుల ఎత్తున పోతున్న విమానానికి రెండు ఇంజిన్లూ ఆగాయనుకోండి, లెక్క ప్రకారం చెన్నై విమానాశ్రయం దాని అందుబాటులోనే ఉంటుంది. ఇది వట్టి కాగితం లెక్క కాదు. 1983 జూలైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767లో, లీటర్లూ పౌండ్ల లెక్కల్లో పొరపాటు జరిగి, 41 వేల అడుగుల మీద ఇంధనం అయిపోయింది. గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం మీద దాన్ని దించారు, లోపలున్న వాళ్ళంతా బతికారు. అహ్మదాబాద్ విమానానికి దొరకనిది ఆ ఎత్తే.

ఎత్తు భయం తర్వాత కుదుపు భయం. ఇందుకు పాకాలవాళ్ళు దూరం పోనక్కర్లేదు. గాదంకి అంటే జనానికి టోల్‌గేటు గుర్తొస్తుంది, మన మండలంలోని ఆ ఊళ్ళోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేసే ఆ సంస్థ ఆవరణలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న నేల మీద 1,024 యాంటెనాలు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఇళ్ళ మీద దూరదర్శన్ కోసం కట్టుకున్న యాంటెనాల జాతివే అవి, కాకపోతే మూతి ఆకాశానికి పెట్టి ఉంటాయి. అన్నీ కలిసి ఒకే రాడారు. అది తిరగదు, మబ్బుల కోసం వెతకదు. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి కొడుతుంది. గాలిలో పుట్టే సుడులకు తగిలి వెనక్కొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని పట్టుకుని, ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో, ఎక్కడ కలత పడుతోందో లెక్కగడుతుంది. మబ్బు తునక లేని నీలాకాశంలో కూడా దానికి పని ఉంటుంది. వానాకాలంలో మన నెత్తిన పదిహేను పదహారు కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి భయంకరమైన వేగంతో గాలి ప్రవాహం ఒకటి పరుగెడుతుంది. దాన్నీ గాదంకి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కొలిచారు. ప్రయాణికుల విమానాలు సాధారణంగా దానికి చాలా కింద, పది పన్నెండు కిలోమీటర్ల మధ్య పోతాయి.

ఇదంతా చెప్పేది కుదుపు ఉత్తుత్తిది అని కాదు. పైలట్ ముందున్న రాడారు మబ్బులోని నీటిని చూడగలదు గానీ, నిర్మలంగా కనిపించే గాలిలోని సుడిని చూడలేదు. 2024 మేలో లండన్ నుంచి సింగపూరు పోతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద అలాంటి కుదుపులో చిక్కింది. ఒక పెద్దాయన చనిపోయాడు, ఎంతోమంది గాయపడ్డారు, బెల్టు పెట్టుకోనివాళ్ళ తలలు పైకప్పుకు కొట్టుకున్నాయి. విమానం మాత్రం బ్యాంకాక్‌లో చక్కగా దిగింది. కుదుపుకు ముక్కలైన విమానమే లేదని కొందరు ధైర్యం చెబుతారు, అదీ అబద్ధమే. 1966లో జపాన్‌లో ఫుజీ కొండ పక్కన ఒక బోయింగ్ 707 గాలి తాకిడికి విరిగి 124 మంది పోయారు. అబద్ధంతో పుట్టిన ధైర్యం మొదటి కుదుపుకే పోతుంది. నిజం ఏమిటంటే, విమానం తన జీవితకాలంలో ఎదుర్కొంటుందనుకున్న అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు రెక్క తట్టుకుంటుందని చూపించందే కొత్త రకం విమానాన్ని ఎగరనివ్వరు. 2010లో బోయింగ్ 787 రెక్కలను పరీక్షశాలలో పాతిక అడుగుల దాకా పైకి వంచి చూశారు. కిటికీలోంచి రెక్క ఊగుతూ కనబడితే గుండె జారిపోతుంది కదా? ఊగాలనే దాన్ని అలా చేశారు.

మన తెలుగువాళ్ళ భయానికి వేరే మూలం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర పోయారు. 2004 ఏప్రిల్‌లో నటి సౌందర్య బెంగళూరు జక్కూరులో, కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన కాసేపటికే పోయింది. ముళబాగల్ వైపు ఆడబిడ్డ, మా పలమనేరుకు పక్కూరి పిల్ల కింద లెక్క. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి నల్లమలలో పావురాలగుట్ట మీద పోయారు. ఆయన వస్తున్నది మన చిత్తూరు జిల్లాకే, అనుపల్లిలో రచ్చబండ మొదలుపెట్టడానికి. మూడు చావులూ ఇళ్ళలో సొంత చావుల్లా మిగిలిపోయాయి. "విమానం" అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి ఇవే. కానీ ఈ మూడింటిలో ఒక్కటి కూడా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే విమానం కాదు. రెండు హెలికాప్టర్లు, ఒకటి సెస్నా అనే చిన్న విమానం. తక్కువ ఎత్తున, వాతావరణంతో రాజీపడుతూ, అవతల సభకు జనం ఎదురుచూస్తున్నారన్న తొందరలో తిరిగేవి ఈ ప్రయాణాలు. తిరుపతి నుంచి హైదరాబాదు పోయే ఎయిర్‌బస్సు బతుకు వేరు.

పావురాలగుట్ట తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. సగం మంది రాత అన్నారు, సగం మంది కుట్ర అన్నారు. 2010 జనవరిలో ఒక టీవీ కథనం పట్టుకుని రాష్ట్రమంతా దుకాణాలు పగలగొట్టారు. దర్యాప్తు సంఘం చెప్పిన కారణంలో విలన్ లేడు. దారిలో ఉరుముల మబ్బు ఉంది. గేరుబాక్సు ఆయిల్ ఒత్తిడి హెచ్చరిక వచ్చి పైలట్ల ధ్యాస దాని మీదికి మళ్ళింది, వెనక్కి తిరగాల్సిన వేళ దాటిపోయింది. నాటకీయత లేదు కాబట్టి ఆ నివేదిక చదివినవాళ్ళు తక్కువ. కానీ రేపు ఇంకో హెలికాప్టర్‌ను కాపాడగలిగేది ఆ చప్పని కాగితమే.

ఇక "బస్సయితే రోడ్డు మింద పోతాది" అన్న ధీమా. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న వోల్వో బస్సు పాలెం దగ్గర కల్వర్టుకు గుద్దుకుని తగలబడింది, 45 మంది కాలిపోయారు. పన్నెండేళ్ళ తర్వాత, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, అదే జాతీయ రహదారి మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, ఈసారి హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు. రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిల్‌ను ఈడ్చుకుపోయింది, నిప్పంటుకుంది, 19 మంది ప్రయాణికులు సజీవంగా కాలిపోయారు. తలుపు తెరుచుకోలేదని, అద్దాలు పగలగొట్టుకుని దూకామని బతికినవాళ్ళు చెప్పారు. అదే దారి, అదే తెల్లవారుజాము, అదే మంట. పాలెం మనకు ఏం నేర్పినట్టు?

విమానాల్లో మంటల కథ చూడండి. 1983లో సిన్సినాటిలో దిగిన విమానం లోపల మంటకు 23 మంది, 1985లో మాంచెస్టర్‌లో రన్‌వే మీదే 55 మంది పోయారు. ఆ రెండు దర్యాప్తుల తర్వాత సీట్ల దిండ్లకు మంటను ఆపే గుడ్డ వచ్చింది, పొగలో కళ్ళు కనబడకపోయినా దారి చూపే దీపాలు నడవ వెంట నేల మీదికి వచ్చాయి, మరుగుదొడ్లో పొగ పసిగట్టే పరికరం వచ్చింది, రెక్క దగ్గరి తలుపుకు పోయే సందు వెడల్పైంది. కొత్త రకం విమానం అమ్ముకోవాలంటే నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, చీకట్లో, సగం తలుపులు మూసేసి, 90 సెకన్లలో అందర్నీ దించగలమని చూపించాలి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద కోస్ట్‌గార్డు విమానాన్ని ఢీకొట్టి భగ్గుమంది. అవతలి చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు పోయారు. పెద్ద విమానంలో ఉన్న 379 మందీ, చంటిపిల్లలతో సహా, బ్యాగులు అక్కడే వదిలేసి దిగిపోయారు. వాళ్ళు దిగాక విమానం మొత్తం కాలి బూడిదైంది. 379 మంది జాతకాలూ గొప్పవని ఎవరైనా అంటారా? నలభై ఏళ్ళ కిందట పోయినవాళ్ళ దగ్గర నేర్చుకున్న పాఠం అది.

మన గడప దగ్గరికే వద్దాం. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. పలువురు చనిపోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సూ లారీలూ ఢీకొన్నాయి. ప్రతిసారీ పేపర్లో ఒకే వార్త: అతివేగం, డ్రైవరు నిర్లక్ష్యం, సంతాపం, నష్టపరిహారం. డ్రైవరు అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయాడు, మలుపులో గోడ ఎంత ఎత్తుంది, బ్రేకులు ఎప్పుడు చూశారు, ఈ ప్రశ్నలకు జవాబులు ఒక చోట రాసి జనం ముందు పెట్టే శాశ్వత సంస్థ రోడ్డుకు లేదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. రోజుకు 460 మందికి పైనే. అహ్మదాబాద్‌లో ఒక మధ్యాహ్నం పోయింది 260 మంది.

ఈ లెక్కతో భయస్థుల నోరు మూయించాలని చూసే పెద్దమనుషులూ ఉన్నారు. "విమానం కారు కన్నా భద్రం, లెక్కలు చూడు, ఎందుకయ్యా వణుకు?" వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. లెక్క చెప్పేది నిన్నటిదాకా జరిగింది. రేపటి లెక్క నిలబడాలంటే ఇవాళ ఎవరో ఒకరు నిద్ర మానుకుని తనిఖీ చెయ్యాలి. బోయింగ్ 737 మ్యాక్స్ విషయంలో ఆ తనిఖీయే లోపించింది. విమానం ముక్కును దానంతటదే కిందికి వంచే ఒక ఏర్పాటు గురించి పైలట్లకు సరిగా చెప్పకుండానే అమ్మారు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కలిపి 346 మంది పోయాక గానీ ప్రపంచం దాన్ని నేల మీద కూర్చోబెట్టలేదు. మన దేశంలో అది మళ్ళీ ఎగరడానికి 2021 ఆగస్టు దాకా పట్టింది. లెక్కల మీద గుడ్డి నమ్మకం కూడా ఆయుష్షు మీద నమ్మకంలాంటిదే, కాకపోతే ప్యాంటు చొక్కా తొడుక్కుంది.

విమానయానం బలం ఎవర్నీ నమ్మకపోవడంలో ఉంది. పైలట్‌ను నమ్మదు, డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదమంటుంది. ఒక్కసారి దొరికితే లైసెన్సు మూడు నెలలు పక్కన పెడుతుంది. పైలట్ జ్ఞాపకాన్ని నమ్మదు, ఒకరు పట్టిక చదివితే ఇంకొకరు పైకి జవాబు చెప్పాలంటుంది. ఆకాశం విశాలంగా ఉందని నమ్మదు. 1996 నవంబరులో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయాక, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి అరిచే పరికరం లేనిదే మన గగనంలోకి రానివ్వమన్నారు. మనం కొత్త బండి కొంటే కాణిపాకం తీసుకుపోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. తప్పేం లేదు, 2019లో ఫ్రాన్స్‌లో రఫేల్ యుద్ధవిమానం చక్రాల కిందా రక్షణ మంత్రి నిమ్మకాయలు పెట్టారు. ఆ తర్వాత రఫేల్ మెకానిక్ తన తనిఖీ మానుకోలేదు. మన టెంపో డ్రైవరు బ్రేకులు చూపించుకున్నాడా అన్నదే అనుమానం.

కాబట్టి భయపడదలిస్తే సరైన చోట భయపడండి. విమానాల భద్రతను చూసే డీజీసీఏలో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. ఆ వార్తకు ఎవరి గుండే జారలేదు. పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేసి, రాత్రిపూట దిగే లెక్క తగ్గించే నిబంధనలు అదే సంవత్సరం రెండు విడతలుగా వచ్చాయి. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో ఆగిపోయేసరికి, ఆ సంస్థకు రాత్రి డ్యూటీల విషయంలో తాత్కాలిక సడలింపు ఇచ్చారు. విమానం ఆలస్యమైందని కౌంటర్ల దగ్గర కేకలు వేసిన మనం, అలసిన పైలట్ చేతికి విమానం ఇస్తున్నారేమోనని ఒక్క కేకా వెయ్యలేదు. గాలి కుదుపుకు గోవిందా అంటాం, నిబంధన సడలితే గురకపెడతాం.

పౌర విమానయాన శాఖను ఇప్పుడు చూస్తున్నది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, ఒకప్పుడు నాలుగేళ్ళు చూసింది విజయనగరం అశోక్ గజపతిరాజు. పాకాల పట్టాల మీద ప్రయాణికుల బండి నడవచ్చా లేదా అని తేల్చే రైల్వే భద్రతా కమిషనర్ కూడా, చాలామందికి తెలియదు గానీ, రైల్వే శాఖ కింద కాక ఈ పౌర విమానయాన శాఖ కిందే పనిచేస్తాడు. బండి నడిపేవాడే బండిని తనిఖీ చేయకూడదన్న ఇంగితం రైలుకూ విమానానికీ ఉంది. అది రోడ్డుకు రావాలి. ఎమ్మెల్యేగా ఎంపీగా మీ ఇంటికి ఓటడగడానికి వచ్చేవాళ్ళను ఒక్కటి అడగండి: అహ్మదాబాద్ మీద నెలకు 15 పేజీలు వచ్చినట్టు, భాకరాపేట ఘాట్ మీద, మొగిలి మీద, చిన్నటేకూరు మీద కూడా ఎవరైనా చదువుకునే నివేదిక కావాలని, అందులో కారణం రాసి ఉండాలని. ఈలోగా రాత్రి బస్సు ఎక్కేవాళ్ళు అత్యవసర ద్వారం ఏ పక్కన ఉందో, అద్దం పగలగొట్టే సుత్తి తగిలించి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డ్రైవరును అడిగి, తెప్పించాకే కూర్చోండి.